పిట్ట ముట్టేదాకా

కాకి రాలేదు. విస్తరాకులో అన్నం ముద్ద ఎండకు పైన పొర కట్టి గట్టిపడుతోంది. చుట్టూ బూరెలు, గారెలు, పులిహోర, దొప్పలో పెరుగు, ఇంత పెట్టినా కనకమామిడి ఊరి చేను మీది ఆకాశంలో ఒక్క నల్లచుక్క లేదు. మిద్దె మీద వడియాలు ఆరబెడితే కర్ర పట్టుకుని కూర్చున్నా ఆగని కాకులు ఇవాళ ఎక్కడికి పోయాయో. వీటికీ కబురు అందిందేమో అనుకుంది శారద, ధర్మయ్య సేటు పేరిట పెట్టిన మెతుకు ముట్టకూడదని అన్నీ కలిసి కట్టు కట్టుకున్నాయేమో. అనుకుని వెంటనే నాలుక కరచుకుంది. ఈ చేనులో చితి మీద కాలిన మనిషి ధర్మయ్య కాదు, వెంకటేశం. తన భర్తకు అన్న, తనకు బావగారు, చేవెళ్లలో ధాన్యం కొట్టు వెంకటేశం సేటు. ధర్మయ్య అనేది పట్నం పత్రికలో వారం వారం వస్తున్న తన నవలలో తాను పెట్టిన పేరు. మొన్న నడిబజారులో ఆ పేరుతో ఆయనను ఒకడు పిలిచాడు, ఊరు నవ్వింది, పొద్దు గూకేసరికి మనిషి లేడు.

మూడో రోజు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్ళు పిట్టై వచ్చి తమకు ఇష్టమైనవి తిని తృప్తిపడి పోతారని నమ్మకం. పిట్ట ముట్టేదాకా ఎవరూ ఇంటి మొహం చూడకూడదు, గుక్కెడు నీళ్ళు తాగకూడదు. ముట్టలేదంటే పోయినవాడికి ఏదో కోరిక మిగిలిందని అర్థం. అదేమిటో నిలబడ్డవాళ్ళు ఊహించి మాట ఇవ్వాలి. మాట సరైనదైతే పిట్ట దిగుతుంది. శారదకు ఈ ఆచారం మీద భక్తి ఉంది, ఒక చిన్న అనుమానమూ ఉంది. బతికి ఉన్నన్నాళ్ళూ నీకేం కావాలని ఒక్కరూ అడగని మనిషిని, బూడిదయ్యాక ఇంతమంది నిలబడి అడుగుతారు. చిలుకూరు స్వామికి రోజూ దండం పెట్టేటప్పుడు ఎన్నోసార్లు ఈ మాట అడిగింది, స్వామీ, ఇదేం ఏర్పాటు? స్వామి చెప్పలేదు. చెప్పకపోవడం ఆయన పని, అడగడం తన పని అనుకుని దీపం వెలిగించి లేచిపోయేది.

తల పైకెత్తలేదు. ఎత్తే అలవాటు లేదు. ఈ ఇంటి కోడలై వచ్చినప్పటినుంచీ మనుషులను పాదాలతోనే ఎరిగింది. కొంగు నెత్తిమీదికి లాక్కుంటే కనిపించేవి అవే కదా. ముందు తడి ధోవతి అంచు కింది పాదాలు భర్త రామేశ్వర్‌వి. ఆయన అన్నకు పిల్లలు లేరు, కొరివి ఈయనే పెట్టాడు, ఈ మూడు రోజులనుంచి ఆమెతో మాట్లాడలేదు. తోలు ముట్టని పావుకోళ్ళు పురోహితుడు రామచంద్రయ్యవి. కాలివేళ్ళకు ఇంకా మెట్టెలతో ఉన్నవి సుగుణమ్మవి, పోయినాయన భార్య. మెట్టెలు పదో రోజుదాకా ఉంటాయి, తర్వాత తీసేస్తారు, అది తలచుకుంటే గుండె కలుక్కుమంటుంది, కాని ఆ మెట్టెలున్న వేళ్ళు విస్తరాకు వైపు తిరిగి లేవు. తన వైపు తిరిగి ఉన్నాయి. చుట్టాల పాదాలన్నీ, కడియాలవి, పగుళ్ళవి, పసుపువి, అన్నీ తన వైపే తిరిగి ఉన్నాయి. మాటలకంటే ముందు కాళ్ళు తిట్టడం మొదలుపెడతాయని ఆమెకు ఎప్పటినుంచో తెలుసు. దూరంగా గట్టు మీద గొంతుక్కూర్చున్న రెండు నల్లటి పాదాలు మాత్రం ఎటూ తిరగకుండా నేలలో పాతుకుని ఉన్నాయి. అవి జంగయ్యవి. చితికి కట్టెలు అతని బండిలోనే వచ్చాయి. బజారులో ఆ పేరుతో పిలిచిందీ అతనే.

నడుము దగ్గర కొంగు ముడిలో వెచ్చగా ఒత్తుకుంటోంది రొట్టె. తెల్లవారకముందు పశువుల కొట్టం దగ్గరి రాళ్ళపొయ్యి మీద కాల్చింది. ఇంట్లో పొయ్యి దగ్గరికి సుగుణమ్మ రానివ్వలేదు. నీ చెయ్యి వడితే ఆయన ముట్టడు, ఆవలికి పో, అంది. పోయింది. పోయి కొట్టంలో కూర్చుని జొన్నపిండి కలిపి, అరచేతుల మధ్య తిప్పి, అంచులు నల్లగా మాడేదాకా కాల్చి ముడి కట్టుకుంది. ఎందుకు కాల్చిందో తనకే సరిగ్గా తెలియదు. జాలి అని ఎవరైనా అంటే ఒప్పుకోదు. మనిషి కాలిపోయాడు కాని ఆమె కోపం కాలిపోలేదు, నిన్న బూడిద ఎత్తేటప్పుడు కూడా చూసుకుంది, అది లోపల అట్లాగే ఎర్రగా ఉంది. పంతం అంటే కొంత ఒప్పుకుంటుంది.

"అన్నా, వదినెను తల్లి లెక్క చూసుకుంట," అన్నాడు రామేశ్వర్ ఆకాశం వైపు చేతులు జోడించి. "దుకాణం నీ పేరు మీదనే నడిపిస్త. కాశికి పోయి నీ అస్తికలు కలుపుత. వచ్చి ముట్టు."

గాలి కూడా కదల్లేదు. రామచంద్రయ్య గొంతు సవరించుకున్నాడు. "ఇంకేదన్న కోరిక మిగిలి ఉంటది. జర యాది చేసుకోండ్రి. ఎండ ముదురుతున్నది."

"మిగిలింది," అంది సుగుణమ్మ. "ఎవ్వలకు ఎరుక లేదని అడుగుతున్నరు అయ్యగారూ? పేరు మీద బురద జల్లిన చెయ్యి ఎదురుంగనే ఉండె. పిట్ట ఎట్ల వస్తది?"

గట్టు మీదినుంచి జంగయ్య గొణిగాడు, వినపడాలనే గొణిగాడు. "పిట్టకు బూరెలు పెట్టిండ్రు. నా పోరగాండ్లకు గింత గంజి పొయ్యుమంటే గిద్దెడు గింజలు ఎళ్ళకపాయె."

"నువ్వు నోరు ముయ్యిరా! నీ నోటితోనే పాయె మా మనిషి!"

"నోరు నాదే సేటమ్మా. పేరు నేను పెట్టలే. పేపర్ల పడ్డది పిలిచిన."

పేపర్లో పడ్డది. చేవెళ్ల దిక్కు పోయే బస్సు అప్పుడే రోడ్డు మీద హారన్ కొట్టింది. ఆ హారన్ వింటే శారదకు ఇప్పటికీ పుట్టింటి ఊరు మొయినాబాద్‌లో బాపు దుకాణమే గుర్తొస్తుంది. బస్సు నెత్తిమీదినుంచి రద్దీ కాగితాల కట్టలు దించేవాళ్ళు. పట్నంలో చదివి పారేసినవన్నీ, ఉర్దూవి ఎక్కువ, తెలుగువి ఎప్పుడో ఒకటి. తను బడికి పోయింది కొద్ది రోజులే, అక్షరాలు వచ్చాయి, అంతలో పెద్దమనిషైందని మానిపించారు. దుకాణం వెనక గదిలో కూర్చుని కాగితాలు చింపి పొట్లాలు కట్టడం ఆమె పని. తెలుగు కాగితం దొరికితే ముందు చదివి తర్వాత చింపేది. ఒక్క కథా పూర్తిగా ఉండేది కాదు. "ఆమె తలుపు తీసి చూసేసరికి" అని ఆగిపోయేది, మిగతాది ఎవరి ఇంటికో చింతపండుతో వెళ్ళిపోయేది. ఒకసారి ఉండబట్టలేక లక్ష్మమ్మ అవ్వ ఇంటికి పరుగెత్తింది. అవ్వా, నిన్నటి చింతపండు కాగితం ఉన్నదా, అని అడిగితే ముసలమ్మ నోరంతా తెరిచి నవ్వింది. "పొయ్యిల పెట్టిన బిడ్డా. నీ కథ మంచిగనే మండింది."

అందుకని ముగింపులు తానే కట్టడం మొదలుపెట్టింది. పొట్లానికి దారం చుడుతూ పైకే చెప్పేది. మంచివాళ్ళకు మంచి, చెడ్డవాళ్ళకు చెడు. ఒక దొంగ కథ సగంలో తెగితే, వాడు పారిపోతూ బావిలో పడి చచ్చాడని చెప్పింది. బాపు తక్కెడ నుంచి తల తిప్పకుండానే అడిగాడు. "వాన్ని బావిల ఎందుకు ఏసినవే? వానికేం కావాల్నో అడిగినవా?" దొంగకు ఏం కావాలి, సొమ్ము కావాలి, అంది. "సొమ్ము నాకూ కావాలె, నీకూ కావాలె. వానికేం కావాలె? ఉప్పు అడిగినోనికి ఉప్పొక్కటే కావాలనుకుంటే దుకాణం నడవదు బిడ్డా. ఉప్పు కొననీకె వచ్చి, నిలవడి, పక్కింటోని సంగతి అడిగి పోతడు. వాడు దానికే వచ్చిండు." ఆ రోజునుంచి దుకాణానికి వచ్చినవాళ్ళను తలుపు సందులోంచి వినడం అలవాటైంది. మొహాలు కనబడేవి కావు. దగ్గు, గొంతు, కాలు మార్చి కాలు మీద నిలబడే తీరు. ఇది అడుగుతున్నాడు సరే, వీడికేం కావాలి? కొందరిది వెంటనే తెలిసేది, కొందరిది ఎన్ని రోజులకూ తెలిసేది కాదు. తెలియనివాళ్ళే రాత్రుళ్ళు నిద్రపోనిచ్చేవాళ్ళు కాదు. కథలు రాయడం అంటే ఇంతకంటే పెద్ద విద్య ఏదో ఉంటుందని తర్వాత చాలామంది చెప్పారు, ఉండొచ్చు, ఆమెకు మాత్రం ఇంతే వచ్చు.

ఎండ మాడు మీదికి వచ్చింది. అన్నం మీద ఈగలు వాలుతున్నాయి. ఈగ పిట్ట లెక్కలోకి రాదా అయ్యగారూ అని అడగాలనిపించి, ఇంత కష్టంలో ఇంత కొంటె ఊహ ఎట్లా వస్తుందని తనను తానే తిట్టుకుంది. చేవెళ్ల ఇంటికి వచ్చిన కొత్తలో వెంకటేశం పాదాలు చూసి ఇది చెయ్యి తిరిగిన సేటు పాదం అనుకుంది, మడమ ముందు ఆనేది, నేలను తూకం వేస్తున్నట్టు. అన్న ముందు తమ్ముడి భార్య నిలబడకూడదు, నోరెత్తకూడదు. ఆయనా ఆమెతో నేరుగా మాట్లాడడు, ఏదైనా ఉంటే గోడకు చెప్తాడు. ఒక తెల్లవారుజామున ఆమె పొయ్యి దగ్గర తన కోసం ఒక జొన్నరొట్టె కాల్చుకుంటుంటే గడప అవతల మడమ ఆనిన చప్పుడైంది. ఆయన వచ్చి, పొయ్యికి వీపు తిప్పి, గడప మీద కూర్చుని, గోడతో అన్నాడు. "మాడిన వాసన వస్తున్నది. మాడిందైతే మంచిగనే ఉంటది." ఆమె పళ్ళెంలో రొట్టె, వెల్లుల్లి కారం పెట్టి నేల మీద జరిపింది. ఆయన వెనక్కి చెయ్యి పెట్టి అందుకుని తిన్నాడు. ఇంటిల్లిపాదీ సన్నబియ్యం తినే ఇల్లు అది. ఊరికి ధాన్యం అమ్మే సేటు తెల్లవారకముందు జొన్నరొట్టె తింటాడని సొంత భార్యకు కూడా తెలియదు. చిన్నప్పుడు ఇక్కడికి దగ్గరి ప్రొద్దుటూరులో ఎవరింట్లోనో పెరిగాడట, అక్కడ మాడు రొట్టెలే పడేసేవారట, అదీ గోడకే చెప్పాడు. రోజూ వచ్చేవాడు. రోజూ వీపే. తినేటప్పుడు చెవులు కదిలేవి, మెడ మీద ఒక నరం లేచి పడేది. ఆయన మొహం ఎట్లా ఉంటుందో పాడె మీద పెట్టినప్పుడు కాని ఆమె సరిగ్గా చూడలేదు. వీపు మాత్రం చీకట్లో తడిమినా గుర్తుపట్టగలదు.

తర్వాత యుద్ధం వచ్చింది, లెవీ వచ్చింది. పండించినవాడి కల్లంలోంచే ధాన్యం సర్కారుకు కొలిచి ఇవ్వాలి. కొలిచినదాంట్లో ఎంత సర్కారుకు పోయిందో, ఎంత తమ ఇంటి వెనక గదిలోంచి చీకట్లో పట్నం పోయిందో వంటింట్లో ఉన్న మనిషికి బండి చక్రాల చప్పుడే చెప్పేది. పగలు ఆడవాళ్ళు ఖాళీ సంచులతో వచ్చి అరుగు ముందు కూర్చునేవారు. జంగయ్య పెండ్లాం చంకలో పిల్లతో వచ్చింది. బావగారు గింజ ఒకటి ముందుపళ్ళతో కొరికి, ఎడమ పక్కకు ఊసి, "తేమ ఉన్నది మహారాణీ, నీకు అరగదు, రేపు రా" అన్నాడు. రేపూ అదే మాట. ఆ పిల్ల ఏడుపు తలుపు వెనక నిలబడ్డ శారద చెవిలోంచి ఇంతవరకూ పోలేదు. ఆ మధ్యాహ్నం పూజగదిలో కూర్చుని రాయడం మొదలుపెట్టింది. దేవుడి ముందు రాస్తే అబద్ధం రాయనని ధైర్యం. రామేశ్వర్ ముందు మురిసిపోయాడు, ఆ కాగితాలు తానే తీసుకుపోయి పట్నం బస్సులో ఇచ్చాడు, శ్రీమతి శారదాదేవి అని పేరు అచ్చయిన రోజు దుకాణంలో అందరికీ చూపించాడు. బడిపంతులు చాయ్ హోటల్లో పైకి చదివేవాడు. ధర్మయ్య గింజ కొరికి ఎడమకు ఊసి తేమ ఉన్నదనే వారం వచ్చింది, అంతే, చేవెళ్ల అంతా ఒక్కసారి తల తిప్పి ధాన్యం కొట్టు వైపు చూసింది.

గింజ కొరకడం తీసేసి ఉండొచ్చు. అప్పుడూ అనుకుంది. కుడివైపు ఊసినట్టు రాసినా సరిపోయేది కదా అని భర్త తల బాదుకున్నాడు. కాని ఆ ఒక్క గింజ తీసేస్తే కాగితం మీద నిలబడ్డ మనిషి కుప్పకూలిపోతున్నాడు, రెండుసార్లు రాసి చూసింది. మరి రొట్టె? రొట్టె కూడా రాసింది. చీకట్లో గడప మీద వీపు తిప్పి కూర్చుని మాడు రొట్టె తినే ధర్మయ్యను నిండా రాసింది. చదువుకుంటే తన కోపం పెనం దించినట్టు చల్లారిపోయింది. వీడి మీద జాలి పడితే జంగయ్య బిడ్డ ఏడుపు ఏం కావాలి? ఎవరి పక్షాన ఏడవాలి? లేచి ఆ కాగితం పొయ్యిలో పెట్టింది. లక్ష్మమ్మ అవ్వ అన్నట్టు మంచిగనే మండింది. గింజ ఉంచింది, రొట్టె తీసేసింది. మనిషిలోంచి ఏది ఉంచి ఏది తీసేస్తే పాపం, ఏది పుణ్యం, దానికి ఏ శాస్త్రంలో ఏం రాసి ఉందో రామచంద్రయ్యను అడగాలి. అడిగితే ఈ ఎండలో ఆయన తనను ఈ విస్తరాకు ముందే శపిస్తాడు.

ఆ వారం తర్వాత కూడా బావగారు తెల్లవారుజామున రావడం మానలేదు. అదే ఆమెకు అంతుపట్టని సంగతి. వచ్చి, వీపు తిప్పి, గడప మీద కూర్చునేవాడు. ఆమె రొట్టె కాల్చి పళ్ళెం జరిపేది. ఆయన వెనక్కి చూడకుండా ఒక్క వేలితో పళ్ళేన్ని వెనక్కి తోసి, లేచి వెళ్ళిపోయేవాడు. మాట లేదు. గోడకు కూడా లేదు. మర్నాడు మళ్ళీ వచ్చేవాడు, రొట్టె కాలేదాకా కూర్చునేవాడు, తోసేసి పోయేవాడు. తిననివాడు రావడం ఎందుకు? తినడని తెలిసి తాను కాల్చడం ఎందుకు? ఇద్దరిలో ఒక్కరూ మానలేదు. పోయిన రోజు పొద్దున కూడా తోసేశాడు. ఆ మధ్యాహ్నం బజారులో జంగయ్య బండి మీదినుంచి పిలిచాడు, ధర్మయ్య సేటూ, జర తేమ చూడు అని. ఆయన ఇంటికి వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. దవాఖానకు బండి కట్టేలోపే అయిపోయింది. మాటతో మనిషి చస్తాడా? చస్తాడనే సుగుణమ్మ అంటోంది. మాటతో కాక, గంజి లేక చచ్చినవాళ్ళ లెక్క ఎవరు చెప్తున్నారు?

నవల చివరి భాగం ఇంకా పత్రికకు పోలేదు. రాసేసింది, పూజగదిలో స్వామి పటం వెనక ఉంది. అందులో ధర్మయ్య కొట్టు తలుపులు తెరిచి ఊరికి ధాన్యం పంచుతాడు, ఇంటి చిన్నకోడలి వైపు తిరిగి, ఆమె చేతి అన్నం తిని కన్నీళ్ళు పెట్టుకుంటాడు. రాసిన రోజు తానూ ఏడ్చింది. చాలా బాగా కుదిరిందనుకుంది.

"శారదా," అన్నాడు రామేశ్వర్. మూడు రోజుల తర్వాత మొదటి మాట. తడి పాదాలు దగ్గరికి వచ్చాయి. "వదినె నిలవడలేకపోతున్నది. ఒట్టు పెట్టు. విస్తరాకు ముట్టుకొని, ఇంక రాయనని అను. పిట్ట వస్తదో రాదో తర్వాత సంగతి."

"వస్తది," అంది సుగుణమ్మ. గాజుల చెయ్యి గుండెమీద చరుచుకుంటోంది. "ఆయనకు ఇంకేం కావాల్నే? కూడు కావాల్నా, గుడ్డ కావాల్నా? ఆయన నవ్వులపాలై పాయె. కలం ముట్టనని ఆయనకు చెప్పు. మొగుని ముంగట, అయ్యగారి ముంగట చెప్పు. ఏమే, నోట్ల మన్ను పోసుకున్నవా? రాసేటప్పుడు మస్తు మాటలొచ్చె!"

"మాటనే గదా శారదా," అన్నాడు రామేశ్వర్ ఇంకా గొంతు తగ్గించి. "అనెయ్యి. ఎండ చూడు."

మాటనే గదా. "మాటనే గదా అంటున్నరు," అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నేను రాసింది గూడ మాటనే గదా. దానితోని మనిషి పోయిండంటిరి. ఇప్పుడేమో ఒట్టి మాటనే, అనెయ్యమంటిరి. రెండిట్ల ఏది నిజమో మీరే చెప్పుండ్రి."

చుట్టాల్లో ఎవరో అబ్బో అన్నారు. ఎవరో థూ అని ఊసారు. రామచంద్రయ్య పావుకోళ్ళు రెండడుగులు వెనక్కి పోయాయి. భర్త పాదాలు కదల్లేదు, కాని వేళ్ళు మట్టిని బిగించి పట్టుకున్నాయి. ఇంటికి పోయాక ఈ మాటకు ఏం చెల్లించాలో ఆ వేళ్ళు చెప్పేశాయి. ఒట్టు పెట్టడం ఎంతసేపు. కాని పోయిన మనిషి ముందు పెట్టిన ఒట్టు ఒట్టే. ఆయనతో ఎన్ని వైరాలున్నా, ఆయనకు అబద్ధం చెప్పలేదు ఇంతవరకూ. నిజంగా పెట్టిందా, రేపటినుంచి తలుపు సందులోంచి వినేవన్నీ ఎక్కడ పెట్టుకోవాలి? పొట్లం కట్టడానికి కాగితం లేని దుకాణం అవుతుంది తన బతుకు.

కొంగు ముడి విప్పింది. నాలుగడుగులు ముందుకు వేసి, మోకాళ్ళ మీద కూర్చుని, రొట్టెను విస్తరాకులో అన్నం ముద్ద మీద ఆనించి పెట్టింది.

"అదేందే?" సుగుణమ్మ కేక వేసింది. "జొన్నరొట్టెనా? సేటుకు మాడిన రొట్టె పెడతవా? అడుక్కునేటోనికి ఏసినట్టు! సచ్చినంక గూడ ఇజ్జత్ తీస్తున్నది చూడుండ్రి!"

ఒక్క మాట చెప్తే సరిపోయేది. అక్కా, ఆయనకు ఇదే ఇష్టం, రోజూ తెల్లారి నా పొయ్యి దగ్గర తినేటోడు, అని. చెప్పలేదు. పత్రికలో పెట్టని సంగతి ఈ చేనులో చుట్టాల ముందు పెడుతుందా? కొంగు వెనక్కి జారింది, సర్దుకోలేదు. పెళ్ళైనప్పటినుంచీ మొదటిసారి తల పూర్తిగా పైకెత్తి, గోడను కాదు, ఆయనను ఉద్దేశించి మాట్లాడింది.

"బావగారూ, నేను రాసుడు ఆపను. మీ ముంగట అబద్ధం చెప్పను. మీకు నా మీద కోపం ఉన్నది, నాకు మీ మీద ఉన్నది. అది మనిద్దరి మధ్యల ఉండనియ్యుండ్రి. గుక్కెడు నీళ్ళు లేక అక్కకు దూప అయితున్నది. ఆమె కోసం వచ్చి పొండ్రి."

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత మొయినాబాద్ వైపునుంచి ఒక్క కాకి వచ్చింది. గుంపు లేదు, అరుపు లేదు. గట్టు మీది తుమ్మచెట్టు కొమ్మన కాసేపు కూర్చుని, కిందికి దిగి, మట్టిలో బరువుగా అడుగులేసుకుంటూ విస్తరాకు దగ్గరికి వచ్చింది. కాకి మెడ వంచి ఒక కంటితో రొట్టెను చూసింది. దగ్గరికి జరిగింది. ముక్కు చాపింది. తిను, అనుకుంది శారద, తిను, ఒక్కసారి తిను, ఆ క్షణంలో స్వామినేమీ అడగలేదు, కాకినే అడిగింది. కాకి ముక్కుతో రొట్టె అంచు పట్టి, ఒక్క తోపు తోసింది. రొట్టె ఆకు దాటి మట్టిలో పడింది. దాని కింద ఉన్న అన్నం ముద్ద బయటపడింది. కాకి అటు తిరిగి, ఆమెకు వీపు పెట్టి, అన్నం తినసాగింది.

"ముట్టింది! ముట్టింది!" రామచంద్రయ్య నీళ్ళు చల్లాడు. రామేశ్వర్ నేలమీద సాగిలపడ్డాడు. చుట్టాలందరూ ఒక్కసారి ఏడ్చారు, చెంబులు వెతుక్కున్నారు. సుగుణమ్మ ఏడుస్తూనే ఆమె వైపు తిరిగింది. "నీది ముట్టలే. చూసినవా? నీది తోసేసిండు. నీది ముట్టలే!"

"చూసిన అక్కా," అంది శారద.

కాకికి అన్నం కావాలి, రొట్టె అడ్డం ఉంది, తోసింది. అంతేనేమో. అంతేనని తేల్చుకోవడానికి ఆమెకు మనసొప్పలేదు, అంతకుమించి ఉందని నమ్మడానికి ధైర్యం చాలలేదు. ఒక్కటి మాత్రం తెలిసింది. ఒట్టు లేకుండానే పిట్ట ముట్టింది, ఆ సంగతి ఇక్కడ ఒక్కరికీ తట్టలేదు, తట్టినప్పుడు మళ్ళీ అడుగుతారు, మళ్ళీ జవాబు చెప్పాలి. కాకి మెడ మీద ఈకలు లేచి పడుతున్నాయి, తింటోంది, ఆ వీపు చూస్తుంటే స్వామి పటం వెనకున్న కాగితాలు గుర్తొచ్చాయి. ధర్మయ్య తిరిగి చూసి, కోడలి చేతి అన్నం తిని, కన్నీళ్ళు పెట్టుకున్న పేజీ. ఎంత బాగా కుదిరిందనుకుంది. దొంగను బావిలో వేసినట్టే ఇదీ. ఆ కన్నీళ్ళు ఎవరికి కావలసినవి? ఆయనకు కాదు. ఆయన రోజూ వచ్చి, కాలే దాకా కూర్చుని, తోసేసి పోయాడు. ఆయనకు కావలసింది అదే, ఆమె కాల్చాలి, తాను తినకూడదు. ఇప్పటికీ అదే. చచ్చి కూడా మెత్తబడని మనిషిని పత్రికలో మెత్తబరిస్తే ఆయనకు అంతకంటే అవమానం ఉండదు. ఇంటికి పోయి స్నానం చేసి, బస్సు వచ్చేలోపు ఆ పేజీ పొయ్యిలో పెట్టి, గడప నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. ఈసారి రొట్టె ఉంటుంది. గింజా ఉంటుంది. జంగయ్య బిడ్డ ఏడుపూ ఉంటుంది. ఎవరి మీద ఎవరికి జాలి కలుగుతుందో చదివేవాళ్ళు చూసుకుంటారు.

భర్త పిలవకుండానే ముందు నడిచాడు. చుట్టాలు ఆమెను తప్పించుకుని పక్కనుంచి పోయారు. ఇట్లాంటి చోటినుంచి వెళ్ళేటప్పుడు వెనక్కి చూడకూడదు. శారద కొంగు నెత్తిమీదికి లాక్కుంది, రోడ్డు వైపు తిరిగింది, చూడలేదు. ఆ వీపు ఆమెకు తెలుసు.